ఊపిరికి అంత తొందరేమిటి?

అన్నం లేకుండా మనిషి కొన్ని వారాలు ఉండగలడు. నీళ్ళు లేకుండా కొన్ని రోజులు. గాలి దగ్గరికొచ్చేసరికి లెక్క నిమిషాల్లోకి పడిపోతుంది. మెదడుకి రక్తం ఆగిన పది పదిహేను సెకన్లలో స్పృహ తప్పుతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. బలమంతా తిండిలో ఉందని చిన్నప్పట్నుంచీ వింటూనే ఉన్నాం. తిండికి వారాల గడువు ఇచ్చే శరీరం, రుచీ పచీ లేని గాలి కోసం నాలుగు నిమిషాలు కూడా ఎందుకు ఆగదు?

బళ్ళో చెప్పిన జవాబు ఒకటుంది. తిన్నది మండాలంటే ఆక్సిజన్ కావాలి, ఆ మంటే మన శక్తి అని. ఇది అబద్ధం కాదు. కానీ ఈ జవాబు పట్టుకుని వంటింట్లోకి వెళ్తే చిక్కొస్తుంది. రాత్రి రుబ్బి మూతపెట్టిన దోసెల పిండి తెల్లారేసరికి గిన్నె అంచు దాకా పొంగి ఉంటుంది. అందులో కోట్లాది సూక్ష్మజీవులు రాత్రంతా తిన్నాయి, పెరిగాయి, ఒకటి రెండై రెండు నాలుగయ్యాయి. ఆ చిక్కటి పిండి అడుగుకి గాలి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఆక్సిజన్ లేనిదే బతుకు లేదంటే అవెలా బతికాయి? లేకపోయినా బతకొచ్చంటే మనమెందుకు పోతున్నాం?

రెండు ప్రశ్నలకూ జవాబు ఒకచోటే ఉంది. అది దొరకడానికి మాత్రం ఒకటిన్నర శతాబ్దం పైనే పట్టింది.

మంచు కరిగించిన జంతువు

1782-83 చలికాలంలో, పారిస్‌లో, లావోయిజే అనే రసాయన శాస్త్రవేత్తా లాప్లాస్ అనే గణితవేత్తా కలిసి ఒక గినీ పందిని మంచు మధ్య కూర్చోబెట్టారు. జంతువు ఉన్న గూటి చుట్టూ మంచు, ఆ మంచుకు బయటి వేడి తగలకుండా దాని చుట్టూ ఇంకో వరస మంచు. గూటి చుట్టూ ఉన్న మంచు కరిగి ఎంత నీరు కారిందో తూచితే, ఆ జంతువు ఒంట్లోంచి ఎంత వేడి వచ్చిందో తెలుస్తుంది. అది వదిలిన బొగ్గుపులుసు వాయువును, అంటే కార్బన్ డయాక్సైడ్‌ను, విడిగా కొలిచారు. అంత వాయువు రావాలంటే ఎంత బొగ్గు కాల్చాలో, ఆ బొగ్గు ఎంత మంచు కరిగిస్తుందో కూడా కొలిచారు. రెండు లెక్కలూ అచ్చుగుద్దినట్టు కలవలేదు గానీ దగ్గర దగ్గరగా వచ్చాయి. ఊపిరి తీయడమంటే నెమ్మదిగా మండడమే అని ఇద్దరూ తేల్చారు.

ఎంత వేడి అంటారా? రోజుకు 2,000 కేలరీల తిండి తినే మనిషి సగటున ఒక వంద వాట్ల బల్బు ఖర్చు చేసినంత శక్తి ఖర్చు చేస్తాడు. పెళ్ళిపందిట్లో ఏసీ ఎందుకు చాలదో ఈ లెక్కలోనే ఉంది.

లావోయిజే ఒకచోట పొరబడ్డాడు. ఆ మంట ఊపిరితిత్తుల్లో జరుగుతుందనుకున్నాడు. ఊపిరితిత్తులు వాయువుల్ని ఇచ్చిపుచ్చుకునే చోటు మాత్రమేననీ, అసలు పని కాలి బొటనవేలి నుంచి కంటిగుడ్డు దాకా ప్రతి కణంలోనూ జరుగుతోందనీ తేలేసరికి పంతొమ్మిదో శతాబ్దం చివరికొచ్చింది.

అప్పుడు అసలు చిక్కు బయటపడింది. మండితే వచ్చేది వేడి. వేడితో కణం ఏం చేసుకుంటుంది? రైలింజను వేడితో నడిచిందంటే బాయిలర్ సలసలా కాగుతూ బయట చల్లగా ఉండబట్టి. కణంలో ఈ మూలా ఆ మూలా ఒకటే వేడి. తేడా లేనిచోట వేడి ఏ పనీ చేయలేదు, ఒళ్ళు వెచ్చగా ఉంచడం తప్ప. కాబట్టి కణం చక్కెరను భగ్గున కాల్చి లాభం లేదు. దాని శక్తిని వేడిగా మారకముందే మెట్టు మెట్టుకూ పట్టుకుని, పనికొచ్చే రూపంలో పక్కన పెట్టుకోవాలి. ఆ రూపం ఏమిటో కనిపెట్టినవాళ్ళలో మనవాడు ఒకడున్నాడు.

భీమవరం నుంచి బోస్టన్‌కి

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టాడు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు కట్టినందుకు ఒక ఆచార్యుడి కోపానికి గురై, ఎంబీబీఎస్ బదులు దానికన్నా చిన్నదైన ఎల్ఎంఎస్ పట్టాతో బయటపడ్డాడు. 1922లో బోస్టన్ చేరి, ఆసుపత్రిలో రాత్రిపూట చిన్న ఉద్యోగం చేస్తూ చదువుకుని, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్ అనే ఆచార్యుడి దగ్గర చేరాడు. ఫిస్క్ అప్పగించిన పని పైకి ఏమంత గొప్పగా కనిపించదు. రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంతుందో కచ్చితంగా కొలిచే పద్ధతి కావాలి. ద్రావణం నీలంగా మారేట్టు చేసి, నీలం ఎంత ముదురుగా ఉందో చూసి భాస్వరం లెక్క చెప్పే పద్ధతిని ఇద్దరూ 1925లో ప్రకటించారు. ఫిస్క్-సుబ్బారావు పద్ధతి పేరుతో తర్వాత దశాబ్దాలపాటు ప్రపంచమంతా ప్రయోగశాలల్లో అదే వాడారు.

ఆ పద్ధతిని కండరాల మీద పెట్టి చూసినప్పుడు, పట్టీ పట్టనట్టుండే ఒక భాస్వర పదార్థం తగిలింది. ముట్టుకుంటే విరిగిపోయే రకం. కండరం అలిసినప్పుడు తగ్గుతుంది, సేదతీరితే మళ్ళీ పెరుగుతుంది. అదే ఫాస్ఫోక్రియాటిన్, 1927లో బయటపడింది. రెండేళ్ళకు అదే కండరంలోంచి ఇంకో పదార్థాన్ని విడదీశారు. దాని పేరు అడినోసిన్ ట్రైఫాస్ఫేట్, పొట్టిగా ఏటీపీ. అదే 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా దాన్ని పట్టుకున్నాడు. కాబట్టి ఘనత పంచుకోవలసిందే. మన పత్రికలు సుబ్బారావు ఒక్కడికే కట్టబెడతాయి, పాశ్చాత్య పుస్తకాలు చాలా వాటిల్లో ఆయన పేరే ఉండదు. రెండూ అన్యాయమే.

ఏటీపీ తోకలో మూడు ఫాస్ఫేట్ గుంపులు వరసగా ఉంటాయి. మూడింటి మీదా ఋణ విద్యుదావేశమే. అందుకని ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుకిరుగ్గా ఉంటాయి. చివరిది ఊడిపోయినప్పుడు విడుదలయ్యే శక్తితోనే కండరం ముడుచుకుంటుంది, నరం వార్త పంపుతుంది, కణం కొత్త ప్రోటీన్ అల్లుకుంటుంది. ఊడిన ఫాస్ఫేట్‌ను మళ్ళీ తగిలించాలంటే శక్తి కావాలి. తిండి అక్కరకొచ్చేది సరిగ్గా ఇక్కడే. మనం తిన్న ముద్ద నేరుగా ఏ కండరాన్నీ కదిలించదు. అది ఏటీపీ తోకను తిరిగి అతికిస్తుంది, అంతే.

ఏ క్షణాన చూసినా పెద్దమనిషి ఒంట్లో ఉండే ఏటీపీ దాదాపు వంద గ్రాములకు మించదు. రోజు మొత్తంలో తయారయ్యేది సుమారుగా ఆ మనిషి బరువంత! అంటే ఒక్కో ఏటీపీ రోజుకు కొన్ని వందలసార్లు విరిగి అతుక్కుంటోంది. కొవ్వులా దీన్ని నిలవ చేసుకునే ఏర్పాటు శరీరానికి లేదు. గట్టిగా పరిగెత్తే కండరంలో ఉన్న నిలవ రెండు మూడు సెకన్లకే సరి, ఫాస్ఫోక్రియాటిన్ ఆదుకుంటే ఇంకో పది సెకన్లు. గాలికి తొందరెందుకన్న ప్రశ్నకు సగం జవాబు ఇది. తిండికి నిలవ ఉంది, ఏటీపీకి లేదు. కానీ ఏటీపీ తయారవడానికి గాలి ఎందుకు కావాలన్నది ఇంకా తేలలేదు.

సంచులు లేక ఆగిన కాంటా

కణంలోకి వచ్చిన చక్కెర అణువులో, అంటే గ్లూకోజులో, ఆరు కార్బన్లుంటాయి. కణం దాన్ని పది మెట్లలో రెండు ముక్కలు చేస్తుంది. చక్కెర చీల్పు అందాం. శాస్త్రవేత్తలు గ్లైకాలసిస్ అంటారు. చివర్లో మూడేసి కార్బన్లున్న పైరువేట్ అనే ముక్కలు రెండు మిగులుతాయి. ఖర్చులు పోను రెండు ఏటీపీలు చేతికొస్తాయి. ఈ పది మెట్లలో ఎక్కడా ఆక్సిజన్ ఊసే లేదు. మనిషి మెదడులోనూ పిండిలోని సూక్ష్మజీవిలోనూ జరిగేది దాదాపు ఇదే.

అయితే మధ్యలో ఒక మెట్టు దగ్గర చక్కెర ముక్కలోంచి హైడ్రోజన్‌నూ దాని ఎలక్ట్రాన్లనూ పీకేయాలి. పీకినవాటిని గాలికి వదలడం కుదరదు. ఎవరో ఒకరు అందుకోవాలి. అందుకునే అణువు పేరు ఎన్ఏడీ. కణంలో ఇది ఉండేది కొంచెమే.

యాసంగి కోతలప్పుడు వడ్ల కొనుగోలు కేంద్రానికి వెళ్ళి చూడండి. రాశులు కొండల్లా ఉంటాయి. హమాలీలు ఉంటారు, కాంటా ఉంటుంది, రైతు తలమీద తువ్వాలేసుకుని ఎదురుచూస్తూ ఉంటాడు. అయినా తూకం ఆగిపోయి ఉంటుంది. ఎందుకంటే గన్నీ సంచులు లేవు. ఉన్న సంచులన్నీ నిండి లారీల్లో ఉన్నాయి. లారీలు మిల్లు ముందు వరసగా నిలబడ్డాయి. మిల్లరు దించుకోవడం లేదు. మిల్లులో దించుకుంటేనే సంచులు ఖాళీ అవుతాయి, ఖాళీ సంచులు వెనక్కొస్తేనే ఇక్కడ కాంటా కదులుతుంది. రాశి ఎంత పెద్దదన్నది అప్పుడు లెక్కలోకే రాదు.

కణంలో ఎన్ఏడీ ఆ గన్నీ సంచి. చక్కెర రాశిలా ఉన్నా సరే, ఖాళీ ఎన్ఏడీ లేకపోతే చీల్పు ఆ మెట్టు దగ్గరే ఆగిపోతుంది, దాంతో ఏటీపీ కూడా. అందుకే ప్రతి జీవినీ వేధించే ప్రశ్న తిండి ఎక్కడ దొరుకుతుందన్నదొక్కటే కాదు, నిండిన సంచిని ఎక్కడ దించాలన్నది కూడా.

ఈ సంచి జాడ మొదట దొరికింది లండన్‌లో, 1906 ప్రాంతాల్లో. ఆర్థర్ హార్డెన్, విలియం యంగ్ ఈస్టు రసాన్ని సన్నటి వడపోతతో రెండు భాగాలు చేశారు. విడివిడిగా ఏ భాగమూ చక్కెరను పులియబెట్టలేదు. కలిపితే మళ్ళీ పులిసింది. వడపోత గుండా దిగిపోయిన భాగాన్ని మరిగించినా దాని గుణం పోలేదు. అందులో ఉన్న చిన్న అణువుల్లో ముఖ్యమైనది ఈ ఎన్ఏడీయే.

సంచిని కుట్టడానికి నార కూడా కావాలి. ఎన్ఏడీకి ఆ నార నియాసిన్, బి విటమిన్లలో ఒకటి. తిండిలో అది చాలనప్పుడు వచ్చే జబ్బు పెల్లాగ్రా. ఎండ తగిలినచోట చర్మం నల్లబడి పొలుసులూడుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. జొన్న సంకటితోనే రోజులు గడిపిన దక్కన్ పేదల్లో ఒకప్పుడు ఈ జబ్బు కనిపించేది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనశాలలో పనిచేసిన సి. గోపాలన్, ఎస్.జి. శ్రీకంటియా 1960లో దీన్ని జొన్నలో ఎక్కువగా ఉండే లూసిన్ అనే అమైనో ఆమ్లంతో ముడిపెట్టారు. ఆ వాదన మీద తర్వాత చాలా చర్చ నడిచింది. సంచుల కొరత మాత్రం నిజం.

పెరుగు పొంగదు, పిండి పొంగుతుంది

మిల్లు మూతబడిందనుకోండి. కాంటా ఆగకూడదంటే ఒకటే దారి. నిండిన సంచిని అక్కడే రోడ్డు పక్కన గుమ్మరించి, ఖాళీ సంచి పట్టుకుని వెనక్కి రావడం. బంగారంలాంటి వడ్లు నేలపాలు. కానీ సంచి దక్కుతుంది, పని నడుస్తుంది. పులియడం, కిణ్వనం, ఫెర్మెంటేషన్, ఏ పేరుతో పిలిచినా జరిగేది ఇదే. జీవి తన దగ్గరే మిగిలిన ముక్కల మీద హైడ్రోజన్‌ను గుమ్మరించి ఎన్ఏడీని ఖాళీ చేసుకుంటుంది. అలా గుమ్మరించిన సరుకే మన పెరుగులో పులుపు, కల్లులో మత్తు.

పాలల్లో తోడు వేస్తే చేరే బాక్టీరియా పాలచక్కెరను విరగ్గొట్టి, చీల్చి, వచ్చిన పైరువేట్ మీదే హైడ్రోజన్ దించేస్తుంది. పైరువేట్ కాస్తా లాక్టిక్ ఆమ్లమవుతుంది. ఆ ఆమ్లానికి పాలలోని కేసిన్ ప్రోటీన్ ముద్దకట్టి పెరుగు తోడుకుంటుంది. ఆరు కార్బన్ల చక్కెర మూడు, మూడుగా చీలింది, లెక్క సరిపోయింది. కార్బన్ ఒక్కటి కూడా వాయువై పోలేదు. అందుకే మామూలు పెరుగు పుల్లబడుతుంది తప్ప పొంగదు.

దోసెల పిండిలో, ఇడ్లీ పిండిలో నాయకత్వం వేరేవాళ్ళది. మినప్పప్పుతోపాటు వచ్చే ల్యూకోనాస్టాక్ అనే బాక్టీరియా చక్కెరను వేరే దోవన విరగ్గొడుతుంది. ముందే ఒక కార్బన్‌ను బొగ్గుపులుసు వాయువుగా వదిలేసి, మిగిలిన అయిదింటిని మూడు, రెండుగా చీలుస్తుంది. మూడు లాక్టిక్ ఆమ్లం, రెండు ముఖ్యంగా ఆల్కహాల్. అవును, ఇడ్లీ పిండిలోనూ రవ్వంత ఆల్కహాల్ ఉంటుంది. ఆవిరికి అది ఎగిరిపోతుంది కాబట్టి ఎవరి నిష్ఠకూ భంగం లేదు. వాయువు బుడగల్ని పోనీయకుండా మినప జిగురు పట్టి ఉంచుతుంది. అదే బుడగ ఇడ్లీకి గుల్లదనం. ఈ దోవలో జీవికి దక్కేది చక్కెర అణువుకు ఒకే ఒక్క ఏటీపీ. అంత తక్కువ కూలికి బతకాలంటే తెగ తినాలి. రాత్రి రుబ్బినది తెల్లారేసరికి అంత పులియడానికి కారణం ఆ ఆకలే. చలికాలంలో వాటి ఎంజైములు మందగిస్తాయి కనుక పిండి మొరాయిస్తుంది.

తాటి గెల కోసి లొట్టి కట్టిన క్షణం నుంచి కల్లు పులియడం మొదలుపెడుతుంది. తాటినీరులో పదో వంతు దాకా చక్కెరే, గాలిలో, లొట్టిలో ఈస్టు ఎప్పుడూ సిద్ధమే. ఈస్టు పైరువేట్ నుంచి ఒక కార్బన్‌ను వాయువుగా వదిలి, మిగిలిన రెండు కార్బన్ల ముక్క మీద హైడ్రోజన్ దించుతుంది. అదే ఆల్కహాల్, వదిలిన వాయువే నురగ. నీరాగా తాగాలనుకునేవాళ్ళు లొట్టికి లోపల సున్నం పూసి కడతారు. ఆ క్షారంలో ఈస్టు ఆటలు సాగవు. దించిన కల్లు మరీ నిలవుంటే ఇంకో రకం బాక్టీరియా దిగి ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తుంది. దానికి మాత్రం గాలి కావాలి. కాబట్టి వెనిగర్ పులుపూ పెరుగు పులుపూ ఒక కుటుంబం కాదు.

ఈస్టు చేసే పని జీవం చేసే పనా, రసాయనం చేసే పనా అని పంతొమ్మిదో శతాబ్దమంతా కొట్టుకున్నారు. పులియడమంటే గాలి లేకుండా జీవించడమేనని లూయీ పాశ్చర్ పట్టుబట్టాడు. 1861లో ఆయన చూపించిన విషయం ఇప్పటికీ ఆయన పేరుతోనే చెలామణీలో ఉంది. గాలి బాగా అందితే ఈస్టు తక్కువ చక్కెరతోనే ఎక్కువ పెరుగుతుంది, గాలి లేకపోతే బోలెడు చక్కెర తగలేసి కొంచెమే పెరుగుతుంది. 1897లో ఎడ్వర్డ్ బుక్నర్ ఈస్టును ఇసుకతో నూరి, పిండి, ఒక్క బతికున్న కణం కూడా లేని రసం తీశాడు. చెడిపోకుండా ఉంటుందని దాన్లో చక్కెర కలిపితే బుడగలు రాసాగాయి. చచ్చిన ఈస్టు రసం కూడా పులియబెడుతుంది! వాదన అక్కడితో తీరింది, జీవరసాయన శాస్త్రం అక్కడ మొదలైంది.

పెరుగులోని లాక్టిక్ ఆమ్లంలో, కల్లులోని ఆల్కహాల్‌లో మొదటి చక్కెర శక్తిలో 90 శాతానికి పైగా అలాగే ఉండిపోతుంది. ఆల్కహాల్ దీపంలో మండుతుందంటే అందుకే. రోడ్డు పక్కన గుమ్మరించిన వడ్లు వడ్లే కదా.

మిల్లు లోపల

గాలి ఉన్నప్పుడు మన కణాలు ఆ దుబారా చేయవు. పైరువేట్‌ను మైటోకాండ్రియా అనే చిన్న తిత్తుల్లోకి పంపుతాయి. వందల కోట్ల ఏళ్ళ కిందట ఇంకో కణంలోకి చేరి అక్కడే కాపురం పెట్టిన బాక్టీరియాల వారసులవి. లోపల పైరువేట్ ముక్కలు ఒక చక్రంలో తిరుగుతూ కార్బన్లన్నిటినీ బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తాయి, హైడ్రోజన్లన్నిటినీ సంచులకెత్తుతాయి. ఈ చక్రాన్ని 1937లో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హాన్స్ క్రెబ్స్ పావురం రొమ్ము కండరంతో ప్రయోగాలు చేసి గీశాడు. ఆయన రాసిన ఉత్తరాన్ని 'నేచర్' పత్రిక చోటు లేదని తిప్పి పంపింది. పదహారేళ్ళకు నోబెల్ వచ్చింది.

ఈ చక్రంలోనూ ఆక్సిజన్ నేరుగా తగలదు. మనం వదిలే బొగ్గుపులుసు వాయువులోని ఆక్సిజన్ మనం పీల్చినది కాదు, తిండిలోంచీ నీళ్ళలోంచీ వచ్చినది. చాలామంది డాక్టర్లకు కూడా ఇది చెబితే ఓసారి ఆగి ఆలోచిస్తారు. పీల్చిన ఆక్సిజన్ మరెక్కడికి పోతుంది? అది మిల్లు చివరి గుమ్మంలో నిలబడి ఉంటుంది. సంచుల్లోంచి దించిన ఎలక్ట్రాన్లు మైటోకాండ్రియా లోపొరలో ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి చేతులు మారుతూ కిందికి దిగుతాయి. చిట్టచివర వాటిని అందుకునేది ఆక్సిజన్. అందుకుని, హైడ్రోజన్‌తో కలిసి నీరవుతుంది. అలా రోజుకు గ్లాసున్నర దాకా, సుమారు 300 మిల్లీలీటర్ల నీరు, మన ఒంట్లోనే కొత్తగా పుడుతుంది. ఆక్సిజన్ చేసేది ఇంతే. వచ్చిన సరుకు దించుకోవడం. కానీ అది దించుకోకపోతే వెనక వరసంతా ఆగిపోతుంది.

ఎలక్ట్రాన్లు దిగే దారిలో విడుదలైన శక్తితో ఆ ప్రోటీన్లు ప్రోటాన్లను పొరకు ఒక పక్కకు తోడిపోస్తాయి. తోడిన ప్రోటాన్లు తిరిగి ఇవతలికి రావడానికి ఒకటే ముఖ్య ద్వారం, ఏటీపీ సింథేజ్ అనే ప్రోటీన్. ప్రోటాన్లు దూరినప్పుడు దాని ఇరుసు గిర్రున తిరుగుతుంది. ఒక్కో చుట్టుకు మూడు ఏటీపీలు అతుక్కుని బయటికొస్తాయి. ఇది పోలిక కాదు, నిజంగానే ఇరుసు, నిజంగానే తిరుగుతుంది. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు దానికి మెరిసే పోగు ఒకటి అతికించి, సూక్ష్మదర్శినిలో అది గుండ్రంగా తిరగడం కళ్ళారా చూశారు. ప్రోటాన్లు తోడడమనే ఈ ఊహను పీటర్ మిచెల్ 1961లో చెప్పినప్పుడు సాటివాళ్ళు చాలామంది కొట్టిపారేశారు. ఆయన కార్న్‌వాల్‌లో ఒక పాత బంగళాను బాగుచేయించుకుని, అక్కడే సొంత ప్రయోగశాల పెట్టుకుని పట్టు వదలక పనిచేశాడు. 1978లో నోబెల్ ఆయన ఒక్కడికే ఇచ్చారు.

ఇంత తతంగం తర్వాత చక్కెర అణువు ఒక్కంటికి వచ్చే ఏటీపీలు 30 దాకా ఉంటాయి. పాత పాఠ్యపుస్తకాల్లో 38 అని ఉండేది, అది ఆశావహమైన లెక్క. 30 అనుకున్నా పులియబెట్టి సంపాదించే రెండింటికి పదిహేను రెట్లు. పాశ్చర్ చూసిన ఈస్టు గాలి తగలగానే ఎందుకంత పొదుపరి అయిందో ఇప్పుడు తెలుస్తోంది కదా.

మొదట అడిగిన ప్రశ్నలకు ఇక జవాబు చెప్పొచ్చు. పిండిలోని బాక్టీరియాకు ఖర్చు తక్కువ, చుట్టూ చక్కెర, గుమ్మరించడానికి బోలెడు జాగా. మన బరువులో రెండు శాతమున్న మెదడు ఒంట్లోని ఆక్సిజన్‌లో అయిదో వంతు వాడుకుంటుంది. గాలి ఆగిన క్షణం మిల్లు మూతబడుతుంది. మెదడు కణం కూడా గుమ్మరించి చూస్తుంది, లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. కానీ పదిహేను రెట్లు చక్కెర ఎక్కణ్ణుంచి తెస్తుంది? ఏటీపీ నిలవ చూస్తుండగానే అడుగంటుతుంది.

సైనైడ్ చంపేదీ ఈ గుమ్మం దగ్గరే. ఆక్సిజన్‌కు ఎలక్ట్రాన్లు అందించే చివరి ప్రోటీన్‌ను అది పట్టుకుని కూర్చుంటుంది. రక్తం నిండా ఆక్సిజన్ ఉంటుంది, సిరల్లో రక్తం కూడా ఎర్రగా మెరుస్తూ ఉంటుంది, వాడుకునే నాథుడుండడు. డైనైట్రోఫినాల్ అనే రసాయనం ఇంకో రకం. అది పొరకు చిల్లు పెట్టినట్టు ప్రోటాన్లను దొడ్డిదారిన జారవిడుస్తుంది. తిన్నదంతా మండుతుంది, ఏటీపీ మాత్రం రాదు, అంతా వేడే. 1930ల్లో అమెరికాలో దీన్ని ఒళ్ళు తగ్గే మందుగా అమ్మారు. ఒళ్ళు తగ్గింది. కొందరు లోపలి వేడికి ఉడికిపోయి చచ్చారు. 1938లో అక్కడి ప్రభుత్వం ఇది మనుషులు మింగదగినది కాదని తేల్చింది. ఇప్పటికీ దొంగచాటుగా ఇంటర్నెట్‌లో అమ్ముతున్నారు, జాగ్రత్త.

పోలికలోని వడ్లు సరే, అసలు వడ్లూ ఊపిరి తీస్తాయి. వడ్లగింజ బతికున్న విత్తనం. ఆరినప్పుడు దాని ఊపిరి దాదాపు ఆగినట్టుంటుంది, తడిస్తే పుంజుకుంటుంది, బూజులు తోడవుతాయి. వానకు తడిసిన రాశిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది లావోయిజే మంచులో కొలిచిన వేడి లాంటిదే. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదన్న నిబంధనకు ఇదొక కారణం. పాతరలో పోసి మూసిన ధాన్యమూ అంతే. లోపలి ఆక్సిజన్ హరించి బొగ్గుపులుసు వాయువుతో నింపేస్తుంది. పాతర తెరిచిన వెంటనే దిగిన మనిషి కుప్పకూలిపోవడం, అతన్ని తీయబోయిన రెండోవాడూ పోవడం ఊళ్ళల్లో జరిగిన విషాదాలే. దీపం దింపి చూడడం పాత అలవాటు. దీపం ఆరితే దిగకూడదు. కానీ ఆరనంత మాత్రాన మంచిదేనని కూడా అనుకోకూడదు.

కూతకు వెళ్ళినప్పుడు

కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒక్క ఊపిరి మీద అవతలి గీత దాకా వెళ్ళి రావాలి. ఆ అర నిమిషంలో కండరానికి కావలసిన ఏటీపీలో చాలా భాగం ఆక్సిజన్ లేకుండానే వస్తుంది. మొదట నిలవ, తర్వాత సుబ్బారావు చూసిన ఫాస్ఫోక్రియాటిన్, ఆ వెంటనే చక్కెర చీల్పు. మిల్లు నడుస్తూనే ఉంటుంది గానీ అంత వేగంగా దించుకోలేదు. మిగతా సంచుల్ని కండరం లాక్టిక్ ఆమ్లంగా గుమ్మరిస్తుంది. పెరుగులో జరిగినదే తొడలో జరుగుతుంది. ఆ సరుకు వృథా పోదు. రక్తంలో కాలేయానికి చేరితే అది మళ్ళీ చక్కెరగా మారుస్తుంది, గుండె అయితే నేరుగా ఇంధనంగా వాడేసుకుంటుంది. మర్నాడు కాళ్ళు పట్టేస్తే లాక్టిక్ ఆసిడ్ పేరుకుందని జిమ్ముల్లో చెబుతుంటారు. అది ఆట ముగిసిన గంటా రెండు గంటల్లోనే సర్దుకుంటుంది. మర్నాటి నొప్పి కండర పోగులు అక్కడక్కడ చిట్లడం వల్ల.

ఎప్పుడూ గుమ్మరించే బతికే కణాలు కూడా మనలో ఉన్నాయి. ఎర్రరక్త కణానికి మైటోకాండ్రియా లేదు. ఒళ్ళంతటికీ ఆక్సిజన్ మోసే 25 లక్షల కోట్ల కణాలు తాము మోసే సరుకును ఒక్క చిటికెడు కూడా ముట్టవు.

ఆక్సిజన్ ఉండి కూడా గుమ్మరించేవి ఇంకొన్ని ఉన్నాయి. కాన్సర్ గడ్డలు గాలి అందుతున్నా చక్కెరను తెగ చీల్చి లాక్టిక్ ఆమ్లం చేస్తాయని జర్మనీలో ఒట్టో వార్‌బుర్గ్ 1920ల్లో గమనించాడు. వాటి మైటోకాండ్రియా చెడిపోయిందని ఆయన వాదించాడు. చాలా కాన్సర్లలో అది బాగానే ఉంటుందని తర్వాత తెలిసింది. విపరీతంగా పెరిగే కణానికి ఏటీపీ ఒక్కటే చాలదు, కొత్త కణాలు కట్టుకోవడానికి కార్బన్ ముక్కలూ కావాలి. అన్నీ వాయువుగా వదిలేస్తే ఇటుకలెక్కడివి?

ఈ తిండిపోతుతనమే ఇప్పుడు మన ఊళ్ళ కాన్సర్ ఆసుపత్రుల్లో రోజూ అక్కరకొస్తోంది. పెట్ స్కాన్‌కు ముందు నరంలోకి ఎక్కించే మందు గ్లూకోజు పోలికతో చేసిన నకిలీ చక్కెర, దానికి రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించి ఉంటుంది. కణం దాన్ని అసలు చక్కెర అనుకుని లోపలికి లాక్కుని, పది మెట్లలో మొదటి మెట్టు ఎక్కిస్తుంది, ఫాస్ఫేట్ తగిలిస్తుంది. రెండో మెట్టు దానికి కుదరదు. ఫాస్ఫేట్ తగిలింది కాబట్టి తేలిగ్గా బయటికీ పోలేదు. ఎక్కడి కణాలు ఎక్కువ లాక్కున్నాయో అక్కడ తెరమీద మెరుస్తుంది. మెదడు ఎలాగూ మెరుస్తుంది, దాని తిండి చక్కెరే. పరీక్షకు ముందు కొన్ని గంటలు ఏమీ తినొద్దనడం, సూది వేశాక గంటసేపు మాట్లాడకుండా, కదలకుండా పడుకోబెట్టడం అందుకే. వరండాలో అటూ ఇటూ పచార్లు చేస్తే పిక్కలు కూడా ఆ చక్కెరను లాక్కుని తెరమీద మెరుస్తాయి, డాక్టరు పని పెంచుతాయి.